ప్రచురణకు రాని ట్రయల్ డేటాను పరిశోధకుల నుంచి తెప్పించుకోవడం ఎలా

సిస్టమాటిక్ రివ్యూ (ఒకే ప్రశ్నపై జరిగిన ట్రయల్స్ అన్నిటినీ వెతికి కలిపి చూసే సమీక్ష) చేసేవాళ్లు అచ్చయిన వ్యాసాలతోనే సరిపెట్టుకుంటే లెక్క ఒక పక్కకు ఒరిగిపోతుంది. డిప్రెషన్ మందు రెబాక్సెటిన్ సంగతే చూడండి. జర్మనీలో మందుల విలువ కట్టే ఐక్యూడబ్ల్యూఐజీ సంస్థ పరిశోధకులు 2010లో బీఎంజే వైద్య పత్రికలో ఇచ్చిన లెక్క ప్రకారం, వాళ్లు తీసుకున్న ట్రయల్స్‌లోని 4098 మందిలో 3033 మంది డేటా, అంటే 74 శాతం, అప్పటికి ప్రచురణకే రాలేదు. దాన్నీ కలిపి చూసేసరికి ఆ మందు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కన్నా మెరుగేమీ కాదని, హాని మాత్రం ఎక్కువేనని తేలింది. ఫ్లూ మందు టామీఫ్లూ విషయంలో 2009లో ఒక జపాన్ పిల్లల వైద్యుడు అచ్చుకాని ట్రయల్స్ గురించి లేవనెత్తిన ప్రశ్నకు రోష్ కంపెనీ పూర్తి క్లినికల్ స్టడీ రిపోర్టులు (కంపెనీ తయారు చేసే వివరమైన ట్రయల్ నివేదికలు) ఇచ్చేసరికి 2013 వచ్చింది. వాటి ఆధారంగా కొక్రేన్ (వైద్య రివ్యూలు చేసే అంతర్జాతీయ సంస్థ) రివ్యూ 2014 ఏప్రిల్‌లో వెలువడింది.

అంత పెద్ద పోరాటాలు అరుదు. రివ్యూ చేసేవాళ్లలో ఎక్కువమందికి కావలసిన అంకె ఏదో మెడికల్ కాలేజీలో పీజీ పూర్తి చేసి వెళ్లిపోయిన డాక్టరు పాత ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. దాచాలని ఎవరూ దాచరు. అడిగే తీరు సరిగా ఉంటే చాలాసార్లు ఇస్తారు. ఇక్కడ రాసేది ముఖ్యంగా అలాంటి డేటా గురించి. గర్భిణుల్లో రక్తహీనతకు ఐవీ (సిర ద్వారా ఎక్కించే) ఐరన్ సుక్రోజ్ మంచిదా, ఐరన్ మాత్రలు మంచివా అన్న రివ్యూను ఉదాహరణగా తీసుకుందాం. మన దగ్గర గైనిక్ విభాగాల్లో పీజీ థీసిస్‌గా తరచూ కనిపించే అంశమే ఇది.

ముందు, లోటు ఏమిటో తేల్చుకోండి

ఒక్కో ట్రయల్‌కు ఒక వరుస పెట్టి ఎక్సెల్ షీటు తయారు చేసుకోండి. ఏది లేదో అందులో రాయండి. లోటు నాలుగు రకాలుగా ఉంటుంది. ట్రయల్ మొత్తమే ప్రచురణకు రాకపోవడం ఒకటి. కొలిచిన ఫలితాన్ని వ్యాసంలో చెప్పకపోవడం రెండోది. చెప్పినా వాడుకోలేని రూపంలో చెప్పడం మూడోది: సగటు ఇచ్చి స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్.డి., విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) వదిలేస్తారు, గ్రాఫు వేసి అంకెలివ్వరు, రెండు గ్రూపులనూ కలిపేసి ఒకే అంకె ఇస్తారు. నాలుగోది పద్ధతికి సంబంధించినది. రాండమైజేషన్ (ఎవరు ఏ గ్రూపులోకో యాదృచ్ఛికంగా తేల్చడం) ఎలా చేశారు, మధ్యలో మానేసినవాళ్లు ఏ గ్రూపులో ఎందరు అన్నవి.

మూడో రకంలో చాలా భాగం ఎవరినీ అడగకుండానే తీరిపోతుంది. స్టాండర్డ్ ఎర్రర్ (ఆ సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) ఇస్తే దాన్ని గ్రూపులోని మనుషుల సంఖ్య వర్గమూలంతో గుణిస్తే స్టాండర్డ్ డీవియేషన్ వస్తుంది. ఒక గ్రూపు సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఉండగల హద్దులు) ఇస్తే, పై అంకెలోంచి కింది అంకె తీసేసి, 3.92తో భాగించి, వర్గమూలంతో గుణించాలి. 64 మంది ఉన్న గ్రూపులో ఇంటర్వల్ 1.6 నుంచి 2.1 అయితే, 0.5 ÷ 3.92 × 8, అంటే సుమారు 1.02. గ్రూపులో 60 మంది కన్నా తక్కువుంటే 3.92 బదులు టీ పట్టికలో తగిన విలువను రెట్టింపు చేసి వాడాలి. ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ (నడిమి సగం విలువల పరిధి) ఇచ్చి, డేటా ఒక పక్కకు సాగకుండా ఉంటే 1.35తో భాగిస్తే దగ్గరి అంచనా వస్తుంది. టీ టెస్ట్ (రెండు సగటులను పోల్చే పరీక్ష) పీ విలువ కచ్చితంగా 0.032 అని ఇస్తే వెనక్కి లెక్కగట్టవచ్చు. 'పీ 0.05 కన్నా తక్కువ' అని వదిలేస్తే కుదరదు, అడగాల్సిందే. గ్రాఫుల నుంచి అంకెలు తీయడానికి వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ ఉచితంగా దొరుకుతుంది. ఇద్దరు విడివిడిగా తీసి పోల్చుకోండి.

అలాగని వ్యాసంలో 'ఎస్.డి.' అని రాసిందల్లా ఎస్.డి. కాదు. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ 10.8 ప్లస్ ఆర్ మైనస్ 0.12 అని కనిపిస్తే ఆగండి. యాభై మంది గర్భిణుల హిమోగ్లోబిన్ అంత దగ్గర దగ్గరగా ఉండదు. 0.12ను 50 వర్గమూలంతో గుణిస్తే 0.85 వస్తుంది. అది నమ్మదగిన అంకె. అంటే వాళ్లు ఇచ్చింది స్టాండర్డ్ ఎర్రర్ అయి ఉండాలి. దీన్ని సరిచూసుకోకుండా పెడితే ఆ ఒక్క ట్రయలే మెటా అనాలిసిస్ (ట్రయల్స్ అంకెలను కలిపి చేసే లెక్క) బరువంతా లాగేసుకుంటుంది. ఇలాంటివి మీరే మార్చేసి ఊరుకోకండి, రచయితను అడిగి ధ్రువీకరించుకోవాల్సిన జాబితాలో రాసుకోండి.

లెక్కతో రానిది ఒకటుంది. మొదటి విలువకు, చివరి విలువకు ఎస్.డి.లు ఉన్నా, వాటి మధ్య మార్పుకు ఎస్.డి. రావాలంటే ఆ రెండింటి కోరిలేషన్ (అవి ఎంత కలిసి నడుస్తాయన్నది) తెలియాలి. అది వ్యాసాల్లో అరుదుగా ఉంటుంది, కాబట్టి మెయిల్‌లో అడగండి.

మనుషుల కంటే ముందు రిజిస్ట్రీలు, థీసిస్‌లు

మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐ 2007 జులైలో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి డ్రగ్స్ కంట్రోలర్ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి ట్రయల్ మొదలయ్యే ముందు చేసే రిజిస్ట్రేషన్లనే తీసుకుంటున్నారు. ఒక్కో రికార్డులో ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, సైంటిఫిక్ ప్రశ్నలకు ఒకరు, పబ్లిక్ ప్రశ్నలకు ఒకరు అని మూడు సంప్రదింపు వివరాలుంటాయి. ప్రైమరీ, సెకండరీ అవుట్‌కమ్‌లు (ముఖ్యంగా, అదనంగా కొలిచే ఫలితాలు), ఏ వారానికి కొలుస్తారన్నది కూడా ఉంటుంది. వ్యాసాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. రిజిస్ట్రీలో 'నాలుగు వారాలకు ఫెరిటిన్' (ఒంట్లో ఐరన్ నిల్వకు గుర్తు) అని ఉండి వ్యాసంలో ఆ మాటే లేకపోతే, అడగాల్సినది దొరికినట్టే. విదేశీ ట్రయల్స్‌కు క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో రిజల్ట్స్ ట్యాబు చూడండి. వ్యాసమే రాని ట్రయల్స్‌కు కూడా అక్కడ పట్టికలు దొరుకుతాయి. డబ్ల్యూహెచ్ఓ వారి ఐసీటీఆర్‌పీలో ఒకే వెతుకులాటతో చాలా దేశాల రిజిస్ట్రీలు వస్తాయి.

ఇక థీసిస్‌లు. మన దేశపు రివ్యూలకు ఇంతకంటే పెద్ద నిధి లేదు, అయినా చాలామంది అటు చూడరు. ఎండీ, ఎంఎస్ థీసిస్‌ల చివర్లో మాస్టర్ చార్ట్ అని ఒక అనుబంధం ఉంటుంది. ఒక్కో రోగికి ఒక్కో వరుస: వయసు, ఎన్నో కాన్పు, గ్రూపు, మొదటి హిమోగ్లోబిన్, నాలుగు వారాలకు ఎంత. వ్యాసంలో పీ విలువ ఒక్కటే ఇచ్చినా, మాస్టర్ చార్ట్ దొరికితే సగటు, ఎస్.డి., మానేసినవాళ్ల లెక్క అన్నీ మీరే తీసుకోవచ్చు. తమిళనాడు డాక్టర్ ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం తమ డిసర్టేషన్లను ఆన్‌లైన్‌లో ఉంచాయి. మన దేశపు థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఎక్కువగా పీహెచ్‌డీ థీసిస్‌లుంటాయి. విజయవాడ ఎన్టీఆర్ వర్సిటీ, వరంగల్ కాళోజీ వర్సిటీ పరిధిలోని కాలేజీల థీసిస్‌ల కోసం ఆ కాలేజీ లైబ్రరీనే అడగడం మంచిది. చార్ట్‌లో పేర్లు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు కనిపిస్తే వాటిని మీ షీటులోకి ఎక్కించకండి. వరుస సంఖ్య చాలు.

ఒక జాగ్రత్త: థీసిస్, తర్వాత వచ్చిన వ్యాసం ఒకే ట్రయల్‌వి కావచ్చు. థీసిస్‌లో 60 మంది, వ్యాసంలో 100 మంది ఉంటే మొదటి 60 మంది రెండింట్లోనూ ఉన్నారేమో అడిగి తెలుసుకోండి. లేకపోతే వాళ్లను రెండుసార్లు లెక్కేస్తారు.

ఎవరికి రాయాలి

వ్యాసంలో ఉన్న మెయిల్ చిరునామా ఐదేళ్ల పాతదైతే పని చేయకపోవచ్చు. పబ్‌మెడ్‌లో ఆ రచయిత తాజా వ్యాసం తెరిచి అందులోని చిరునామా తీసుకోండి. ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబరు) పేజీ, ప్రస్తుత కాలేజీ వెబ్‌సైటు చూడండి. సీటీఆర్ఐలోని మూడు మెయిల్స్‌నూ రాసి పెట్టుకోండి.

పీజీ ట్రయల్ అయితే మొదటి మెయిల్‌లోనే గైడ్‌ను సీసీలో పెట్టండి. డేటా పీజీ దగ్గర ఉంటుంది, ఇవ్వవచ్చునన్న మాట గైడ్ దగ్గర ఉంటుంది. గైడ్‌కు తెలియకుండా పంపడానికి చాలామంది జంకుతారు, జంకడం సబబే. పీజీ వెళ్లిపోయి జాడ తెలియకపోయినా గైడ్ ఆ విభాగంలోనే ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ల నుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే సహ రచయితల్లో స్టాటిస్టిషియన్ ఎవరో చూడండి. కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వాళ్లో, బయోస్టాటిస్టిక్స్ వాళ్లో అయి ఉంటారు. శుభ్రం చేసిన డేటా ఫైలు తరచూ వాళ్ల దగ్గరే భద్రంగా ఉంటుంది. కంపెనీ నడిపిన ట్రయల్ అయితే డాక్టర్ల చేతిలో ఏమీ ఉండదు. వివ్లీ, యేల్ యూనివర్సిటీ వారి యోడా, క్లినికల్‌స్టడీడేటారిక్వెస్ట్ డాట్ కామ్ లాంటి డేటా పంచే వేదికల్లో దరఖాస్తు పెట్టాలి. యూరప్‌లో అనుమతి కోరిన మందులైతే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దగ్గర క్లినికల్ స్టడీ రిపోర్టులు దొరకవచ్చు. ఇది నెలల తరబడి సాగే పని, దానికి వేరే సమయం కేటాయించుకోండి.

మెయిల్ రాయడం

ఉత్తరం, ఫోను, మెయిల్ పద్ధతులను పోల్చిన 2011 నాటి కొక్రేన్ మెథడాలజీ సమీక్షలో, తక్కువ ప్రయత్నాలతో, తక్కువ సమయంలో, ఎక్కువ జవాబులు తెచ్చింది మెయిలేనని తేలింది. పాత ట్రయల్స్ విషయంలో ఆశ తక్కువే పెట్టుకోవాలనీ అది చెప్పింది. కాబట్టి మెయిల్‌తో మొదలుపెట్టండి.

'మీ ట్రయల్ డేటా అంతా పంపగలరా' అని ఎప్పుడూ అడగకండి. ఓపీ, వార్డు, థియేటర్ ముగించుకుని వచ్చిన మనిషి అది చదివి, తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు, అంతే సంగతులు. ఆ మనిషి ఫైలు తెరిచి పది నిమిషాల్లో నింపి పంపేలా ఖాళీలతో పట్టిక ఇవ్వండి. వ్యాసంలో ఇప్పటికే ఉన్న అంకెలు మీరే నింపండి. మీరు వ్యాసం జాగ్రత్తగా చదివారని వాళ్లకు తెలుస్తుంది, తప్పుంటే అక్కడే దిద్దుతారు.

మామూలుగా ఇంగ్లీషులోనే రాస్తాం గానీ, అందులో ఉండాల్సిన సరుకు, క్రమం ఇదీ. అంకెలు ఊహించినవి:

విషయం: మీ ఐరన్ సుక్రోజ్ ట్రయల్ (సీటీఆర్ఐ నంబరు) – నాలుగు అంకెల కోసం విజ్ఞప్తి

డాక్టర్ గారికి నమస్కారం.

గర్భిణుల్లో రక్తహీనతకు ఐవీ ఐరన్, ఐరన్ మాత్రలను పోలుస్తూ మేము సిస్టమాటిక్ రివ్యూ చేస్తున్నాం. ప్రాస్పెరో (రివ్యూల రిజిస్ట్రీ) నంబరు ఇది. మీ ట్రయల్ మా రివ్యూకు అర్హత పొందింది. నాలుగు వారాల హిమోగ్లోబిన్ సగటు మీ వ్యాసం రెండో పట్టికలో ఉంది. ఎస్.డి., ఆ రోజు కొలిచినవారి సంఖ్య మాకు కనిపించలేదు. కింది ఖాళీలు నింపి ఇదే మెయిల్‌కు జవాబివ్వగలరా?

ఐవీ ఐరన్ గ్రూపు: చేర్చుకున్నది 50, నాలుగు వారాలకు కొలిచింది ___, సగటు 10.8, ఎస్.డి. ___
మాత్రల గ్రూపు: చేర్చుకున్నది 50, నాలుగు వారాలకు కొలిచింది ___, సగటు 9.9, ఎస్.డి. ___

మరొక్క ప్రశ్న: ఏ గర్భిణి ఏ గ్రూపులోకి వెళ్లాలో ఎలా నిర్ణయించారు, ఆ సంగతి చేర్చుకునే డాక్టరుకు ఎప్పుడు తెలిసేది?

రోగుల వివరాలేవీ అవసరం లేదు. మీరిచ్చిన అంకెలు మీ ఇష్ట ప్రకారం మీ పేరుతో కృతజ్ఞతలు చెప్పి వాడతాం. ఫలానా తేదీలోగా పంపితే ప్రధాన విశ్లేషణలో చేర్చగలం. అంకెలు ఇప్పుడు అందుబాటులో లేకపోతే ఆ ఒక్క మాట రాసినా మాకు మేలే.

చివరి వాక్యాన్ని వదిలేయకండి. 'లేదు' అని చెప్పడానికి దారి ఇస్తే మౌనం తగ్గుతుంది, 'డేటా పోయింది' అన్న జవాబు కూడా రివ్యూలో రాయదగిన సమాచారమే. పద్ధతి గురించిన ప్రశ్నను 'ఎలా చేశారు' అనే అడగండి. 'సీల్ చేసిన కవర్లు వాడారా' అని అడిగితే అవుననే అంటారు, ఎందుకంటే మీకు కావలసిన జవాబు ప్రశ్నలోనే ఉంది. ఐదు ప్రశ్నలకు మించితే ముఖ్యమైన రెండే ముందు పంపండి, జవాబిచ్చినవారిని మిగతావి తర్వాత అడగవచ్చు. సంస్థ మెయిల్ నుంచి పంపండి, కింద మీ గైడ్ పేరు, ఫోను నంబరు ఉంచండి. గంపగుత్తగా బీసీసీలో అందరికీ ఒకే మెయిల్ కొట్టవద్దు.

సహ రచయితగా పేరు ఇస్తామని ఎర వేయడం తప్పు. ఐసీఎంజేఈ (వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) ప్రమాణాల ప్రకారం డేటా ఇవ్వడం ఒక్కటే రచయిత హోదాకు చాలదు. రోగి వారీ డేటాతో చేసే మెటా అనాలిసిస్‌లో అయితే ట్రయల్ పరిశోధకులు చర్చల్లో, రాతలో నిజంగా పాలు పంచుకుంటారు కాబట్టి అక్కడ సంగతి వేరు. ఆ మాట మొదటే రాతపూర్వకంగా అనుకోవాలి.

గడువులు, రిమైండర్లు, లాగ్

ఏయే ట్రయల్స్ తీసుకోవాలో తేలిన వారంలోనే మెయిల్స్ వెళ్లిపోవాలి. విశ్లేషణ అయ్యాక గుర్తొచ్చి రాస్తే జవాబు వచ్చేసరికి వ్యాసం జర్నల్‌కు వెళ్లిపోయి ఉంటుంది. మొదటి మెయిల్ తర్వాత రెండు వారాలకు అదే మెయిల్‌కు కింద రిమైండర్ పెట్టండి. ఇంకో రెండు వారాలకు మరో సహ రచయితకు రాయండి, లేదా విభాగానికి మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఫోను చేయండి. ఫోనులో ఒప్పుకున్నది అదే రోజు మెయిల్‌లో రాసి పంపాలి, నోటి మాటగా చెప్పిన అంకెను రివ్యూలో పెట్టకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తలుపు మూసేయండి. దసరా, సంక్రాంతి సెలవులు, పీజీ పరీక్షల రోజులు మధ్యలో పడితే గడువు కాస్త జరపండి.

ఎన్ని ప్రయత్నాలన్నది ప్రోటోకాల్‌లో ముందే రాసి, అన్ని ట్రయల్స్‌కూ సమానంగా పాటించాలి. తెలిసిన ప్రొఫెసర్ కాబట్టి ఒకరికి ఆరుసార్లు ఫోను చేసి, తెలియనివారికి ఒక్క మెయిల్‌తో ఊరుకుంటే, ఎవరి డేటా చేరిందన్నదే కొత్త పక్షపాతం అవుతుంది.

లాగ్ షీటులో ట్రయల్ పేరు, ఎవరికి, ఏ చిరునామాకు, ఏ తేదీన, ఏమడిగారు, ఏమొచ్చింది, ఎవరు సరిచూశారు అన్న గడులు చాలు. బౌన్స్ అయిన మెయిల్‌ను 'జవాబివ్వలేదు' అని రాయకండి. వాళ్లకు మీ ప్రశ్న చేరనే లేదు.

వచ్చిన డేటాను అలాగే వాడేయకండి

అడిగిన నాలుగు అంకెలకు బదులు ఒక్కోసారి రోగి వారీ ఎక్సెల్ షీటు మొత్తం వస్తుంది. అందులో పేర్లు, ఫోను నంబర్లు, ఆసుపత్రి నంబర్లు ఉంటే తెరిచి చూసి ఊరుకోవద్దు. ఫైలు తొలగించి, అవి తీసేసి మళ్లీ పంపమని రాయండి. రోగి వారీ డేటా కావాలని మీరే అడిగేటట్టయితే మీ ఎథిక్స్ కమిటీ అభిప్రాయం, డేటా ఎక్కడ ఉంచుతారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారన్న ఒప్పందం ముందే ఉండాలి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి.

షీటు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, ప్రచురిత వ్యాసంలోని మొదటి పట్టికను అదే డేటాతో మీరు మళ్లీ తయారు చేయడం. వయసు సగటు, మొదటి హిమోగ్లోబిన్, గ్రూపుల సంఖ్య కలవకపోతే అక్కడే ఆగాలి. సాధారణంగా తేడా వచ్చేది ఇక్కడ: గ్రూపు 1, గ్రూపు 2 కోడ్ తారుమారవుతుంది. కొలవని విలువ చోట 0 గానీ 99 గానీ 999 గానీ వేసి ఉంటుంది, దాన్ని సగటులో కలిపేస్తారు. హిమోగ్లోబిన్ కొన్ని వరుసల్లో డెసిలీటరుకు గ్రాముల్లో, కొన్నిట్లో లీటరుకు గ్రాముల్లో ఉంటుంది, 11.2, 112 పక్కపక్కనే కనిపిస్తాయి. తేదీల్లో రోజు, నెల తిరగబడతాయి. కోడ్‌ల వివరణ షీటు లేకుండా వచ్చిన ఫైలును ఊహతో చదవకండి, అడగండి.

ఇలా సరిచూడటానికి ఇంతకు మించిన కారణం కూడా ఉంది. అనస్థీషియా జర్నల్‌కు 2017 నుంచి 2020 వరకు వచ్చిన ట్రయల్స్‌ను పరిశీలించిన ఒక ఎడిటర్ 2021లో ప్రచురించిన లెక్కలో, రోగి వారీ షీటు చూడగలిగిన 153 ట్రయల్స్‌లో 44 శాతం వాటిలో తప్పుడు డేటా కనిపించింది. షీటు లేని వాటిలో అలా పట్టుబడినవి 2 శాతమే. అంటే వరుసలు చూస్తే తప్ప ఇది బయటపడదు. రెండు మూడు గడులు మాత్రం మార్చి కాపీ చేసిన వరుసలు, అన్నీ సరి సంఖ్యలతోనే ముగిసే విలువలు, చేర్చుకున్న తేదీ కంటే ముందున్న ఫాలో అప్ తేదీ – ఇవి చూడండి. అనుమానం కలిగితే నింద వేయకుండా 'ఈ వరుసలు అర్థం కాలేదు, వివరించగలరా' అని అడగండి. వివరణ రాకపోతే ఆ ట్రయల్‌ను ప్రధాన విశ్లేషణలోంచి తీసి, ఎందుకు తీశారో రాయండి.

జవాబు రాకపోతే

ట్రయల్‌ను రివ్యూలోంచి తీసేయకండి. అవుట్‌కమ్ కొలిచారని తెలిసీ అంకెలు రానివాటిని వేరే వరుసగా చూపించాలి. ఎస్.డి. ఒక్కటే లేకపోతే అదే రివ్యూలోని పోలిన ట్రయల్స్ నుంచి అరువు తెచ్చి పెట్టి, పెట్టకుండా ఒకసారి, పెట్టి ఒకసారి లెక్క చూపించండి. ఫలితం అనుకూలంగా లేనందుకే చెప్పలేదేమో అన్న ప్రశ్నకు 2023లో వచ్చిన రోబ్-ఎంఈ పరికరం వాడవచ్చు.

ప్రభుత్వ కాలేజీ కదా, సమాచార హక్కు కింద అడిగితే సరి అని కొందరంటారు. థీసిస్ ప్రతి లైబ్రరీలో చూడనివ్వకపోతే అడగడం వరకు సబబే. పరిశోధకుడి మీద ప్రయోగిస్తే 30 రోజుల్లో ఒక కాగితం వస్తుందేమో గానీ, రోగుల వ్యక్తిగత వివరాలకు ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) కింద మినహాయింపు ఉండనే ఉంది. ఆ విభాగం నుంచి ఇక మీదట ఎవరికీ సహకారం అందదు. ఆ దారి వద్దనే మా సలహా.

రివ్యూ రాసేటప్పుడు రివ్యూలో ఏమేం చెప్పాలో చెప్పే మార్గదర్శకం ప్రిస్మా 2020లోని తొమ్మిదో అంశం కింద, పరిశోధకుల నుంచి డేటా ఎలా తెచ్చారో, ఎలా ధ్రువీకరించుకున్నారో చెప్పాలి. ఎందరికి రాశారు, ఎందరు స్పందించారు, ఎందరు అంకెలిచ్చారు అన్నది ఒక వాక్యంలో వస్తుంది. ఏ అంకె వ్యాసంలోంచి వచ్చిందో, ఏది మెయిల్‌లో వచ్చిందో పట్టికలో గుర్తు పెట్టండి. ఇచ్చినవారి అనుమతితో ఆ అంకెలను అనుబంధంలోనో, జెనోడో, ఓఎస్ఎఫ్ లాంటి ఆన్‌లైన్ డేటా భాండాగారంలోనో ఉంచితే, అదే అంశంపై తర్వాత రివ్యూ చేసేవారు అదే డాక్టరును మళ్లీ అడగనక్కర్లేదు. రివ్యూ అచ్చయిన రోజే డేటా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పీడీఎఫ్ పంపండి. వాళ్ల ట్రయల్ ఏ పట్టికలో, ఏ పేజీలో ఉందో మెయిల్‌లోనే రాయండి.